ట్రీనా దుప్పటి

అనగా అనగా, పొగకి ఇంకా ఊరి దారి తెలియని కాలం. జర్మనీ దేశంలో ఒక ఊరు. ఊరి నడిమధ్యన ఒక పచ్చిక బయలు. అది ఏ దొరదీ కాదు, ఊరందరిదీ. ఆడవాళ్ళు ఉతికిన నారబట్టలు ఆ గడ్డి మీద పరిచేవాళ్ళు. ఆరగానే నీళ్ళు చల్లేవాళ్ళు. మళ్ళీ ఎండనిచ్చేవాళ్ళు, మళ్ళీ చల్లేవాళ్ళు. అలా చేస్తే నారబట్ట తెల్లగా మెరిసేది.

ఆ ఊరి బీదవాళ్ళకి ఒక పట్టింపు ఉండేది. బతికినన్నాళ్ళు చిరుగుల్లో బతికినా సరే, పోయేటప్పుడు మాత్రం తెల్లటి నార దుప్పట్లో పోవాలి. అందుకని ప్రతి ఆడదీ తన ఆఖరి దుప్పటిని పెట్టెలో దాచుకునేది. ఏటా వసంతంలో తీసి, బయల్లో పరిచి, తెల్లబరిచి మళ్ళీ దాచేది. ఎవరి దుప్పట్లో వాళ్ళే పోవాలి, ఒకరిది ఇంకొకరికి కప్పకూడదు.

ఆ ఊళ్ళో ట్రీనా అని ఒకామె. పదిళ్ళ బట్టలుతికి బతికేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆమెకంటూ ఉన్నది తల్లి వడికిన నారతో నేయించిన దుప్పటి ఒక్కటే.

"నేను తెల్లగా పోతే చాలే బెర్టా, ఇంకేం అడగను," అనేది పక్కింటి బెర్టాతో.

బెర్టాకి ఇంటినిండా పిల్లలు. పొయ్యిలోకి నిప్పే కరువు.

అలా ఉండగా ఓల్డెన్‌కాంప్ అనే దొర వచ్చాడు. ఊరి చివర ఇనుము కరిగించే కార్ఖానా పెట్టాడు. పొగగొట్టాలు లేచాయి. చలికాలం ముందు ఒకరోజు దొర బయలుకి వచ్చి, "నా బొగ్గు బళ్ళు తిరగడానికి ఈ మూల ఇవ్వండి. ఇంటికో బుట్ట బొగ్గిస్తాను," అన్నాడు.

అందరికంటే ముందు తల ఊపింది బెర్టాయే.

"ఇవ్వకండే," అంది ట్రీనా. "బొగ్గు బూడిదైపోతుంది. ఇచ్చిన నేల మళ్ళీ రాదు."

ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ చలికాలం ఇళ్ళు వెచ్చగా ఉన్నాయి. వసంతంలో ట్రీనా దుప్పటి మీద నల్లటి చుక్కలు పడ్డాయి. మళ్ళీ ఉతుక్కుంది.

మరుసటేడు దొర సగం బయలు అడిగాడు. ఇంటికి రెండు బుట్టలన్నాడు.

"ఇవ్వకండే. బొగ్గు బూడిదైపోతుంది. ఇచ్చిన నేల మళ్ళీ రాదు."

ఇచ్చారు. దుప్పటి మాసిన రంగుకి తిరిగింది.

ఆ పై ఏడు దొర మొత్తం అడిగాడు. చలికాలమంతా కావలసినంత బొగ్గన్నాడు.

"ఇవ్వకండే..." అంది ట్రీనా.

బెర్టాకి ఒళ్ళు మండింది. "నీకేం ట్రీనక్కా, ఒంటిదానివి. చలికి వణికేది నా పిల్లలు. చచ్చాక కట్టుకునే గుడ్డ కోసం బతికున్నవాళ్ళని చంపుకోమంటావా?"

ట్రీనా తన బట్టల బుట్ట ఎత్తుకుని ఇంటికి పోయింది. బెర్టా అన్నదీ నిజమే.

గడ్డి తవ్వేశారు. రాళ్ళు పరిచి బయలుని చౌకు చేశారు. నడుమ పాలరాతి విగ్రహం లేచింది. ఎవరిదనుకున్నారు? ఓల్డెన్‌కాంప్ దొరదే! బతికుండగానే తన బొమ్మ తనే నిలబెట్టించుకున్నాడు మహానుభావుడు. చౌకుకీ తన పేరే పెట్టించుకున్నాడు.

అయితే మసికి దొరేమిటి, దాసీ ఏమిటి? ఒక్క చలికాలంలో పాలరాతి మొహం నల్లబడింది. దొరగారి మనిషి ట్రీనా గుమ్మంలోకొచ్చాడు.

"విగ్రహం కడగాలి. ఎంత కావాలో చెప్పు."

"డబ్బొద్దు. ఒక్కరోజు పొగ ఆపించండి. నా దుప్పటి తెల్లబరుచుకుంటాను."

అతను పగలబడి నవ్వాడు. "నీ దుప్పటి కోసం కొలిమి ఆర్పుతారా?"

"అయితే మీ దొర మొహాన్నీ అలాగే ఉండనీ," అని తలుపేసుకుంది ట్రీనా.

ఆ చలికాలమే దగ్గి దగ్గి పోయింది. బెర్టా వెళ్ళి పెట్టె తెరిచింది. దుప్పటి బూడిద రంగులో ఉంది. ఉతికింది. తెల్లబడలేదు. ఇంకా ఇద్దరిని పిలిచి ముగ్గురూ కలిసి ఉతికారు. తెల్లబడలేదు. బయట ఆరేస్తే మసి. లోపల పొయ్యి దగ్గర ఆరేస్తే, నేల ఇచ్చి తెచ్చుకున్న ఆ బొగ్గు మసే.

బెర్టా దొర ఇంటికి పరుగెత్తింది. "ఒక్కరోజయ్యా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"చచ్చినవాళ్ళ కోసం కొలిమి ఆగదు," అన్నాడు దొర.

ట్రీనా బూడిద రంగు దుప్పట్లోనే పోయింది. జీవితమంతా ఊరి బట్టలు తెల్లబరిచిన మనిషి!

మట్టి వేసి వచ్చాక బెర్టా తన పెట్టె తెరిచింది. ఎన్నడో తెల్లబరిచి దాచుకున్న తన దుప్పటి తీసింది. చౌకులోకి వెళ్ళి విగ్రహం కాళ్ళ దగ్గర పరిచింది. ఆమెని చూసి ఇంకొకామె తెచ్చింది. ఆమెని చూసి మరొకామె. చీకటి పడేలోగా రాళ్ళు కనపడలేదు.

"ఏం చేస్తున్నారిక్కడ?" అని కాపలావాడు గదమాయించాడు.

"ఆరేసుకుంటున్నాం," అంది బెర్టా. "మసి పట్టనీ. ట్రీనక్క పోయిన రంగులోనే మేమూ పోతాం."

అలాగే పోయారు, బెర్టాతో సహా అందరూ.

చాలా కాలం గడిచింది. దొర పోయాడు. దొర మనవల హయాంలో కార్ఖానా మూతపడింది. ట్రీనా అడిగితే ఒక్కరోజు ఆగని కొలిమి ఎవరూ అడక్కుండానే ఆరిపోయింది. పనుల్లేని మగవాళ్ళు ఆ చౌకులోనే చేతులు కట్టుకుని కూర్చుంటారు. పలక మీద ఇంకా ఓల్డెన్‌కాంప్ పేరే ఉంది. దారి అడిగితే మాత్రం జనం "ట్రీనా బయలు" అనే చెప్తారు.

ఏటా వసంతంలో ఒకరోజు ఆడవాళ్ళు ఆ రాళ్ళ మీద దుప్పట్లు పరుస్తారు. నీళ్ళు చల్లుతారు. సాయంత్రం అందరిలోకీ పెద్దామె వంగి, దుప్పటి మీద వేలితో రాసి చూస్తుంది. మసి అంటదు.

"తెల్లగానే ఉంది ట్రీనక్కా," అంటుంది.

దుప్పట్లు మడుచుకుని, కూర్చున్న మగవాళ్ళని లేపుకుని ఇళ్ళకి పోతారు.