నీలకంకుడి పెట్టెలో యుద్ధం

"నా పాలనలో ఏ ఇంటి కొడుకునూ యుద్ధానికి పిలవను. ఇది నా మాట" అని పట్టాభిషేకం నాడు జనమందరి ముందూ ఒట్టేసిన రాజు ఒకడుండేవాడు. పేరు ఉదారసేనుడు. ఒట్టేసిన ఏడాదే పొలిమేర రాయి జరిగిందని ఒక యుద్ధం చేశాడు. మరుసటేడు వేటకుక్క తప్పిపోయిందని ఇంకో యుద్ధం చేశాడు. మూడో ఏడు, పక్క రాజ్యమైన నాగవరం రాయబారి నిండు సభలో తుమ్మాడని మూడో యుద్ధం చాటించాడు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. చాటింపు వినగానే పెద్దవాడు కత్తి నూరుకున్నాడు. రెండోవాడు మీసం దువ్వుకున్నాడు. మూడోవాడు సుకేతుకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. వాడు పుస్తకాల పురుగు. ఎక్కడ పదునైన మాట కనిపించినా కంఠతా పట్టేవాడు. తిన్నగా సభలోకి పోయి, "తుమ్మేదొకరు, చచ్చేదొకరా? ఇది న్యాయమా?" అని గర్జించాడు.

రాజుకు చిన్నకొడుకంటే ప్రాణం. "ఒరే నాయనా, నువ్వన్నది బాగానే ఉంది. కానీ రాజన్నాక పౌరుషం ఉంటుంది కదరా! దాన్నెక్కడ చూపించుకోను? ఒక్క ప్రాణం కూడా పోని యుద్ధం తెచ్చిపెట్టు, ఇది మానేస్తాను. విజయదశమికి యుద్ధం మొదలవుతుంది. ఆలోగా తే" అని నవ్వాడు.

సుకేతు నవ్వలేదు. వాణ్ణి పెంచిన దాది చెవిలో చెప్పింది. "అలాంటి యుద్ధం ఉంది బాబూ. ఏడు సముద్రాలవతల నీలకంకుడనే మాంత్రికుడు దాన్ని పెట్టెలో దాచుకున్నాడు. వాడి ప్రాణమేమో చిలకలో ఉంది."

సద్దిమూట కట్టించుకుని సుకేతు బయలుదేరాడు. దారిలో ఒక ఏనుగు ఊబిలో దిగబడి ఉంది. కొమ్మలు నరికి కాళ్ళ కింద వేసి పైకి రప్పించాడు. ఇంకాస్త దూరంలో ఒక ఒంటె కుంటుతోంది. కాల్లో ముల్లు తీశాడు. ఇంకాస్త దూరంలో ఒక గుర్రం కళ్ళెం పొదలో చిక్కుకుంది. విడిపించాడు. మూడూ వాడి వెంట నడిచాయి.

సముద్రాలొచ్చాయి. "నాది తిన్నని నడక. ముందుకైనా, వెనక్కైనా, పక్కకైనా దారి ఖాళీగా ఉన్నంత మేరా పోతాను" అని ఏనుగు మూడు సముద్రాలు తిన్నగా ఈదింది. "నాది ఐమూల నడక" అని ఒంటె మరో మూడు సముద్రాలు మూల నుంచి మూలకు దాటించింది.

"మీ నడకలు చూస్తుంటే నాకు ముసలితనం వచ్చేట్టుంది. నాది దూకుడు. రెండడుగులు తిన్నగా, ఒకటి పక్కకు. మధ్యలో ఎవరున్నా పైనుంచి పోతాను" అంటూ గుర్రం ఏడో సముద్రాన్ని ఒక్క దూకులో దాటించింది.

అవతలి దీవిలో నీలకంకుడు అరుగు మీద కూర్చున్నాడు. పక్కనే పంజరం, అందులో చిలక. "తాతా, ఎవరో వచ్చారు. ఉత్తరీయం సర్దుకో" అంటోంది చిలక.

"ప్రాణం చేతికందేంత దూరంలో ఉంది. మెడ నులిమి పెట్టె పట్టుకుపో" అని గుర్రం గుసగుసలాడింది.

"చావులు ఆపడానికొచ్చి చిలకను చంపనా? సిగ్గులేదూ?"

"సిగ్గుంది. తొందర కూడా ఉంది" అంది గుర్రం.

సుకేతు వచ్చిన పని చెప్పగానే నీలకంకుడు పెట్టె తెరిచాడు. "గెలిస్తే ఇది నీది. ఓడితే నువ్వు ఇందులో బంటువి. ఈ బంట్లందరూ నీలా వచ్చి ఓడినవాళ్ళే."

అరవై నాలుగు గళ్ళ పలక పరిచారు. చిలక ఒక్కొక్కటే చెప్పింది. "ఏనుగు, గుర్రం, రథానికి బదులు ఒంటె, బంటు. నాలుగంగాల సేన గనక చతురంగం. జనం నోళ్ళలో నలిగి చదరంగం అయింది. మూలల్లో ఏనుగులు, వాటి పక్కన గుర్రాలు, ఆ పక్కన ఒంటెలు. వాటి నడకలు దారిలో చూశావుగా! నడుమ రాజూ మంత్రీ. మంత్రి ఎటైనా, ఎంతైనా పోతాడు. రాజు ఎటైనా సరే, ఒక్క గడే. ముందు వరసలో ఎనిమిది బంట్లు. బంటు ముందుకే నడుస్తాడు, ఐమూలగా కొడతాడు. వెనకడుగు లేదు."

సుకేతు ఒక బంటును వేళ్ళతో ఎత్తి, "నీ పేరేంటన్నా?" అనడిగాడు.

"గానుగ వీరప్పనయ్యా! ఇన్నేళ్ళకు అడిగినవాడివి నువ్వే" అని కొయ్య గొంతుతో ఏడ్చాడు బంటు.

ఒక ఎత్తు నువ్వు, ఒక ఎత్తు నేను అంటూ ఆట సాగింది. నీలకంకుడు సుకేతు ఏనుగుల్ని కొట్టాడు, ఒంటెల్ని కొట్టాడు, చివరికి మంత్రినీ కొట్టి తొడ చరిచాడు. బంట్ల వైపు మాత్రం చూడడు. ఓడినవాళ్ళ ముఖం చూడకపోవడం వాడికి ఏనాటినుంచో అలవాటు. సుకేతు మాత్రం, "పద వీరప్పన్నా, ముందుకు!" అంటూ ఒక్కొక్క గడే జరిపాడు. వీరప్ప ఆఖరి వరస చేరాడు. చేరగానే మంత్రి అయిపోయాడు!

"అదేంటి, వీడెప్పుడొచ్చాడు?" అని మాంత్రికుడు ఉలిక్కిపడ్డాడు.

"మీరు చూడనప్పుడు" అన్నాడు సుకేతు.

మాంత్రికుడి రాజు మీదికి దెబ్బ వచ్చింది. తప్పుకోవడానికి గడి లేదు, అడ్డం పెట్టడానికి మనిషి లేడు, కొట్టేవాణ్ణి కొట్టడానికీ దారి లేదు. "ఆటకట్టు!" అని అరిచింది చిలక. బంట్లందరూ మనుషులై లేచి నిలబడ్డారు. నీలకంకుడు కళ్ళు మూసుకుని, "ఇక నన్ను చంపు" అన్నాడు.

"మీ ఆటలో రాజును చంపరు కదా తాతా! కదలనివ్వరు, అంతే."

ముసలివాడికి కళ్ళు చెమ్మగిల్లాయి. కొయ్యతో కొత్త బంట్లు చెక్కి, పెట్టె సర్ది చేతికిచ్చాడు.

అందరూ వచ్చిన దారినే సముద్రాలు దాటి తిరిగొచ్చారు. విజయదశమి పొద్దున రెండు సేనలూ ఎదురెదురుగా నిలిచాయి. సుకేతు నడుమ పలక పరిచి ఆట నేర్పాడు. ఇటు ఉదారసేనుడు, అటు నాగవరం రాకుమారి హేమవల్లి కూర్చున్నారు. ఓడినవాళ్ళు క్షమాపణ చెప్పాలని పందెం. మధ్యాహ్నానికి రాజుకు ఆటకట్టయింది.

"నా మంత్రిని నీ గుర్రం ఎట్నుంచొచ్చి తినిందమ్మా? చూడనేలేదు. తుమ్ము సంగతి వదిలెయ్, తప్పు నాదే. ఇంకో ఆట!" అన్నాడు రాజు. ఆకలేసి సైనికులు ఇళ్ళకు పోయారు.

సుకేతు పెళ్ళిమాట ఎత్తితే హేమవల్లి, "సరే గానీ, భోజనాల దగ్గర నినాదాలు వద్దు" అంది. పెళ్ళి అంగరంగ వైభవంగా జరిగింది. అన్నలిద్దరూ ఎత్తుల్లో మునిగి సింహాసనం ఊసే మరిచారు. సుకేతూ హేమవల్లీ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఆ ఏలుబడిలో మొదటి రోజునే యాభై ఆరు దేశాల రాజులకూ ఒక్కో పలక, దానితో ఈ లేఖ వెళ్ళాయి.

"మహారాజా, మీ పౌరుషం దీని మీద చూపించండి. మీ మనుషుల్ని వాళ్ళ పొలాల్లో, వాళ్ళ పిల్లల దగ్గర ఉండనివ్వండి. అవునో కాదో ఒక్క మాటలో చెప్పండి. వచ్చే కార్తీక పౌర్ణమి నాడు పొద్దు గుంకేలోగా నాకు జవాబు కావాలి."