సూది మారిస్తే చాలు

1976 జులై 14, బుధవారం. తెల్లవారినప్పటి నుంచి సన్నగా తుంపర పడుతూనే ఉంది. గాలి సముద్రం మీది నుంచి వీస్తోంది. ఆ రోజు డాక్టర్ కోరాడ నరహరి తన గురువుగారిని జీపెక్కించుకుని మగ్గాలపేట బయల్దేరాడు.

నరహరి కాలేయం జబ్బుల మీద పరిశోధన చేస్తున్నాడు. శీతాకాలంలో ఆ నేతవాళ్ళ వీధిలో తూర్పు కొస నుంచి ఇంటి వరసన అందరి రక్తం తీశాడు. అప్పుడు జబ్బున్నది వీధి మధ్య ఇంట్లో ఉండే చినసూరయ్య ఒక్కడికే. వేసవిలో మళ్ళీ వెళ్ళేసరికి సూరయ్య ఇంటి నుంచి పడమటి కొసదాకా పచ్చటి కళ్ళే. తూర్పు వైపు ఇళ్ళలో ఒక్కరికీ లేదు.

జబ్బు వీధి వెంట ఒకే దిక్కుకి నడవడం లోకంలో ఎవరూ చూడని సంగతని అతని నమ్మకం. గాలి వాటమా, కాలవ నీళ్ళా అని ఎన్నో లెక్కలు వేసి వ్యాసం రాశాడు. కాలేజీలో ప్రొఫెసర్ ఉద్యోగం ఖాళీ అవబోతోంది. వ్యాసం మీద గురువుగారి సంతకం పడితే అది తనదే.

గురువుగారు, డాక్టర్ పేరి సాంబమూర్తి, పొదుపుగా మాట్లాడే మనిషి. రోగి పొట్ట మీద చెయ్యి వేసే ముందు రెండు అరచేతులూ చంకల్లో పెట్టుకుని వెచ్చజేసుకునేవారు. విద్యార్థులు చాటున ఆ భంగిమని అనుకరించి నవ్వుకునేవారు. నరహరీ నవ్వినవాడే. వ్యాసం చదివి ఆయన బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. ఒకసారి రక్తం తీస్తుంటే చూస్తానన్నారు, అంతే.

బడి వరండాలో కిరసనాయిలు స్టవ్వు మీద స్టీలు డబ్బాలో సూదులు మరుగుతున్నాయి. మనిషికో కొత్త సూది. గాజు సిరంజి మాత్రం శీతాకాలంలోలాగే అందరికీ ఒక్కటే. మనిషికీ మనిషికీ మధ్య దాన్ని స్పిరిటుతో కడిగేవాడు. అప్పట్లో అందరూ చేసేది అదే. సూది మారిస్తే చాలనే పెద్ద పెద్దవాళ్ళూ అనుకునేవారు.

జనం శీతాకాలం నాటి వరసలోనే నిలబడ్డారు. సూరయ్య వంతు వచ్చింది. పొట్ట ఉబ్బి, కాళ్ళు పుల్లలైపోయాయి. అయినా నోరు తగ్గలేదు. డాక్టరు బాబు మన రక్తం తోడి పట్నంలో అమ్ముకుంటున్నాడని వెనకవాళ్ళని నవ్వించాడు.

నరహరి అతని రక్తం తీసి, సిరంజిని స్పిరిటుతో కడిగి, కొత్త సూది బిగించాడు. తర్వాత వంతు అతని పడమటి పక్కింటి అప్పయ్యమ్మది, చంకలో చంటిపిల్ల. ఆమె ముందుకు వచ్చేలోగా గురువుగారు వెళ్ళి స్టూలు మీద కూర్చుని, చొక్కా చెయ్యి పైకి మడిచి, నరహరి ముందు చాపారు.

“పెద్దబాబూ, వరసలో రావాలి. నాను ముందొచ్చినాను,” అంది అప్పయ్యమ్మ.

వరండా అంతా నవ్వింది.

“తియ్యి,” అన్నారు గురువుగారు.

“మీకు వేరే సిరంజి మరగబెట్టి తెస్తాను సార్.”

“ఈమెకి అక్కర్లేనిది నాకెందుకురా?”

నరహరి చెయ్యి ఆగిపోయింది. అప్పయ్యమ్మ కళ్ళలోకి చూశాడు. తెల్లగా ఉన్నాయి. పడమటి వైపు అలాంటి కళ్ళు ఇంకెవరికీ లేవు.

“శీతాకాలంలో నీ రక్తం తీశానా అమ్మా?”

“నేదు బాబూ. పురిటికని కన్నోరింటి కాడున్నాను. మా ఆయనకి తీసినారు గదా.”

ఆమె వెనకే నిలబడిన మొగుడు అవునని తలూపాడు. అతని కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

నరహరి సిరంజి బల్ల మీద పెట్టి స్టవ్వు ఆర్పేశాడు. గురువుగారు చొక్కా చెయ్యి దించుకుని, అరచేతులు చంకల్లో పెట్టుకుని, సూరయ్యని బెంచీ మీద పడుకోమన్నారు.

వ్యాసం తిరగరాశాక అచ్చయింది. జబ్బును వీధి వెంట నడిపించినవాడి పేరు కూడా అందులో ఉంది. రాసినవాడూ అతనే. ప్రొఫెసర్ ఉద్యోగం మరొకరికి వెళ్ళింది.

కొన్నేళ్ళకి సాంబమూర్తిగారు పోయారు. ఇల్లు మేనకోడలికి, మైక్రోస్కోపు కాలేజీకి, సూదులు మరగబెట్టే స్టీలు డబ్బా నరహరికి రాసిపెట్టారు. మగ్గాలపేటలో అప్పయ్యమ్మ మొగుడూ పొట్ట ఉబ్బి పోయాడు. మగ్గం మరిది పట్టుకెళ్ళాడు. ఆమెకి ఏమీ రాలేదు.