రెండు వేళ్ల సాయం

బాజీ మాస్టారి దగ్గర వ్యాయామ శాస్త్రం పీజీ చదువుతున్న హిమబిందుకి ఒక చిక్కు వచ్చిపడింది. తను వేసిన ప్లాన్ చక్కగా పనిచేస్తోంది. ఆ ప్లాన్ ప్రకారం కసరత్తు చేసే అమ్మాయి మాత్రం పోటీల్లో ఓడిపోతోంది.

ఆ అమ్మాయి పేరు సువార్త. అదే క్యాంపస్‌లో డిగ్రీ చివరి సంవత్సరం. పవర్‌లిఫ్టింగ్‌లో బెంచ్ ప్రెస్ ఆమె ఆట. బల్ల మీద వెల్లకిలా పడుకుని, బరువులు ఎక్కించిన ఇనప బారును గుండెల దాకా దించి, చేతులు నిటారుగా అయ్యేదాకా మళ్లీ పైకి నెట్టాలి. చెప్పడానికి ఇంతే. కుర్చీలో కూర్చుని చూసేవాళ్లకి అదీ తేలిగ్గానే కనిపిస్తుంది.

హిమబిందు తన ప్రాజెక్టు కోసం సువార్తని ఎంచుకుంది. ఏ వారం ఎంత బరువు, మధ్యలో ఎంత విరామం, ఏం తినాలి, ఎంతసేపు పడుకోవాలి, అన్నీ లెక్క ప్రకారం. నెల తిరిగేసరికి సువార్త క్యాంపస్ కసరత్తు హాల్లో అరవై కిలోలు నెట్టేస్తోంది. తీరా కాలేజీల మధ్య పోటీకి వెళ్లి అదే అరవై కింద చతికిలపడింది. ఇంకోసారి వెళ్లింది, ఇంకోసారి చతికిలపడింది. హాల్లో కుర్రాళ్లు ఊరుకుంటారా? "హాల్లో పులి, స్టేజీ ఎక్కితే పిల్లి" అని మొదలుపెట్టారు.

ఇంకో రెండు వారాల్లో యూనివర్సిటీ జట్టుకి ఎంపిక. సువార్తకి ఇదే ఆఖరి అవకాశం. వేసవి దాటితే డిగ్రీ అయిపోతుంది, క్యాంపస్ ఉండదు, ఈ హాలూ ఉండదు. వీపు మీద యూనివర్సిటీ పేరున్న జెర్సీ ఒక్కసారి వేసుకోవాలని ఆ పిల్ల చేరిన రోజు నుంచీ ఆశపడుతోంది.

హిమబిందు బాగా చదువుకున్న పిల్ల. అందుకని తప్పు ఎక్కడుందో లోకమంతా వెతికింది, తన దగ్గర తప్ప. చివరికి దొరికిందనుకుని, ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని మాస్టారి గదికి వెళ్లింది.

బాజీ మాస్టారు అరవైకి దగ్గరపడ్డ మనిషి. కుర్రతనంలో బరువులెత్తారు, తరవాత పుస్తకాలు పట్టుకున్నారు, ఇప్పుడు ఆ విభాగానికి పెద్ద. మాటల్లో మహా పొదుపు. టీ దగ్గర మాత్రం పొదుపు లేదు.

"సార్, ప్లాన్‌లో లోపం లేదు. ఈ గ్రాఫ్ చూడండి, వారం వారం పైకే పోతోంది. లోపం ఆ అమ్మాయి మనసులో ఉంది. జనాన్ని చూస్తే బెదిరిపోతోంది. సైకాలజిస్టు దగ్గరికి పంపిద్దాం సార్."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని గ్రాఫ్ చూశారు.

"గీత భలే నున్నగా ఉందమ్మాయ్. ఒక్క చోట కూడా కిందికి దిగలా."

మెచ్చుకున్నారనుకుని హిమబిందు సంతోషపడింది.

"సపోర్టుకి ఎవరు నిలబడతారు?" అని అడిగారు మాస్టారు.

"నేనే సార్. ఇంకొకళ్ల మీద వదలను."

సపోర్టు అంటే బల్ల తలవైపు నిలబడే మనిషి. చేతులు బారుకి దగ్గరగా పెట్టుకుని ఉండాలి. పడుకున్న మనిషి చేతులు ఓడిపోతే, బారు మెడ మీద పడకుండా అందుకోవాలి. అందాకా ముట్టుకోకూడదు.

"నా చేతుల కింద ఇంతవరకూ ఒక్క బారూ పడలేదు సార్" అని కూడా అంది, కాస్త గర్వంగానే.

"అట్టాగా. సరే, రేపు సాయంత్రం వస్తాలే."

అన్నట్టే మర్నాడు సాయంత్రం వచ్చారు. రెండు చేతుల్లో రెండు గ్లాసులు, నిండా పొగలు కక్కే టీ. వాటిని కిటికీలో పెట్టి, బల్లకి రెండు పక్కలా ఉండే సేఫ్టీ కడ్డీలని తగిన ఎత్తుకి జరిపి బిగించారు. బారు ఎంత జారినా ఆ కడ్డీల మీదే ఆగుతుంది, మనిషి మీదికి రాదు. ఒకటికి రెండుసార్లు ఊపి చూసుకుని, ఒక పక్కగా వెళ్లి నిలబడ్డారు.

అరవై కిలోలు ఎక్కించారు. సువార్త పడుకుంది. బారు గుండెల దాకా దిగింది, సగం దాకా లేచింది, అక్కడ ఆగింది.

"అంతా నీదే! అంతా నీదే! నెట్టు, నెట్టు!" అని హిమబిందు వంగి అరిచింది. బారు లేచిపోయింది.

"చూశారా సార్?" అంది హిమబిందు.

"చూశా. కాసేపాగి ఇంకోసారి."

సువార్త నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని మళ్లీ పడుకుంది. హిమబిందు బారు అందించి చేతులు వెనక్కి తీసిందో లేదో, మాస్టారు రెండు గ్లాసులూ పట్టుకొచ్చి ఆమె ముందు చాపారు.

"ఇవి కాస్త పట్టుకో అమ్మాయ్."

గురువుగారు ఇస్తుంటే కాదని ఎలా అంటుంది? పట్టుకుంది. రెండు చేతులకీ రెండు గ్లాసులు. బారు అప్పటికే సువార్త గుండెల మీదికి దిగింది. సగం దాకా లేచింది. మామూలుగా ఆగే చోటే ఆగింది.

"అంతా నీదే! నెట్టు!" అంది హిమబిందు. బారు కదల్లేదు. సువార్త మోచేతులు వణుకుతున్నాయి. హిమబిందు చేతులు వాటంతటవే ముందుకి వెళ్లాయి, టీ తొణికి వేళ్ల మీద పడింది, చురుక్కుమంది. "సార్! పట్టుకోండి సార్!" అని కేక పెట్టింది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

బారు నెమ్మదిగా దిగివచ్చి, ఖంగుమని కడ్డీల మీద కూర్చుంది.

"నా చేతులు ఖాళీగా ఉంటే లేచేది సార్!" అంది హిమబిందు.

అనేశాక ఆ మాట తన చెవిన కూడా పడింది. సువార్త బారు కింద అలాగే పడుకుని కాసేపు పైకప్పు చూసింది. తరవాత మెల్లగా పక్కకి జరిగి లేచి, హిమబిందు చేతుల వైపు చూసింది, ముఖంలోకి చూసింది. మణికట్టుకి చుట్టుకున్న పట్టీలు విప్పి, చుట్టచుట్టి, సంచీలో వేసుకుని వెళ్లిపోయింది.

మాస్టారు గ్లాసులు అందుకున్నారు. "చన్నీళ్లు పోసుకో. బొబ్బలెక్కుద్ది."

హిమబిందు కదల్లేదు. ఆమెకి ఏడుపొస్తోంది.

"రెండు వేళ్లే సార్. అదీ చివర్లో. అసలు పట్టుకున్నట్టే ఉండదు. అప్పుడు కూడా లేవకపోతే పాపం ధైర్యం పోతుందని..."

"ఎవరి ధైర్యం?"

మాస్టారు మిగిలిన టీ తాగేసి వెళ్లిపోయారు.

హిమబిందు ఇంటికెళ్లి గ్రాఫ్ తెరిచింది. ఆ నున్నటి గీతలో సువార్త బలం ఎంతో, తన వేళ్ల బలం ఎంతో విడదీసే సూత్రం తను చదివిన ఏ పాఠంలోనూ లేదు. సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఆ పిల్ల రెండు పోటీలు పోగొట్టుకుంది, పిల్లి అనిపించుకుంది. పైగా తనే వెళ్లి ఆ పిల్ల మనసులో లోపముందని చెప్పివచ్చింది! మర్నాడు మాస్టారి దగ్గరికి వెళ్లి, ప్రాజెక్టు మొదటి నుంచీ మళ్లీ చేస్తానంది. "ఊఁ" అన్నారాయన.

సువార్త రెండు రోజులు హాలుకి రాలేదు. మూడో రోజు వచ్చింది. హిమబిందు కోసం కాదు, జెర్సీ కోసం. "తప్పయిపోయింది సువార్తా" అంటే తల ఊపింది కానీ నోరు విప్పలేదు. రోజంతా అక్కా అక్కా అంటూ చుట్టూ తిరిగే పిల్ల, ఇప్పుడు ఏం కావాలన్నా మాస్టారికే చెబుతోంది. సపోర్టుకీ మాస్టారే నిలబడ్డారు. హిమబిందు బారు చివర్ల బరువులు ఎక్కిస్తూ, దించుతూ ఉండిపోయింది.

సువార్త అసలు బలం ఎంతో అప్పుడు తేలింది. యాభై దగ్గరే చేతులు వణికాయి. కుర్రాళ్లు నవ్వారు. సువార్త నవ్వలేదు, ఏడవలేదు, మర్నాడు మళ్లీ వచ్చింది. కొన్నిసార్లు బారు కడ్డీల మీద కూర్చుంది. కూర్చున్నప్పుడల్లా మాస్టారు "మంచిది" అని, కాసేపాగమని, మళ్లీ పడుకోమనేవారు. ఎంపిక దగ్గరపడేసరికి యాభై అయిదు లేచింది. లేచినప్పుడు హాల్లో ఎవరూ ఏమీ అరవలేదు. బారు చప్పుడొక్కటే వినపడింది.

ఎంపిక రోజు ఇండోర్ స్టేడియం నిండిపోయింది. సువార్త ఒంటి బరువు తరగతిలో జట్టులోకి ఒక్కరినే తీసుకుంటారు. ఇంకో కాలేజీ అమ్మాయి యాభై అయిదు నెట్టి ముందు నిలబడింది. సువార్త కూడా యాభై అయిదు నెట్టింది కానీ, ఒంటి బరువు కాస్త ఎక్కువ కాబట్టి, సమానంగా ఎత్తితే వెనకబడ్డట్టే లెక్క. మిగిలింది ఒకే ప్రయత్నం.

"యాభై ఏడున్నర పెట్టండి" అంది సువార్త.

ఆ బరువు ఆమె హాల్లో ఎప్పుడూ నెట్టలేదు. అసలైన లెక్కలో నెట్టలేదు.

అందాకా సపోర్టుకి నిలబడ్డ బాజీ మాస్టారు బల్ల వెనక నుంచి పక్కకి వచ్చేశారు. బరువులు ఎక్కించి దిగిపోతున్న హిమబిందుని పిలిచారు.

"నువ్వు నిలబడమ్మాయ్."

పోటీలో సపోర్టు మనిషి గోరు తగిలినా ఆ ప్రయత్నం చెల్లదు. ముగ్గురు న్యాయనిర్ణేతలు మూడు వైపుల నుంచీ అదే చూస్తుంటారు.

"వద్దు సార్. నా చేతులు ఆగవు."

"ఆ సంగతి ఇప్పుడు నీకు తెలుసుగా. నిలబడు."

అరచేతులకి తెల్లపొడి రాసుకుంటూ వచ్చిన సువార్త, బల్ల వెనక హిమబిందుని చూసి ఆగిపోయింది. మాస్టారి కోసం చూసింది. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చుంటున్నారు. గోడ మీద గడియారం సెకన్లు తగ్గించుకుంటూ పోతోంది. సువార్త ఇక ఏమీ ఆలోచించకుండా పడుకుంది.

హిమబిందు బారు అందించి చేతులు తీసేసింది. బారు దిగింది. గుండెల మీద ఆగింది. "ప్రెస్" అన్నాడు న్యాయనిర్ణేత, ఇక నెట్టమని.

సగం దాకా లేచింది. ఆగింది.

ఆగినా పర్వాలేదు, కిందికి జారకూడదు. అది ఆట నియమం. ఆ నియమం హిమబిందుకి కంఠతా వచ్చు. కానీ చేతులు పాఠాలు చదవవు కదా, అవి అప్పటికే బారు కిందికి వెళ్లిపోయాయి. వేళ్లకీ ఇనుముకీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉంది. జనం నెట్టు నెట్టు అని అరుస్తున్నారు. "అంతా నీదే" అనే మాట హిమబిందు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

ఇన్నాళ్లూ ఈ క్షణంలో ఆమె బారునే చూసేది. ఇప్పుడు కింద సువార్త ముఖం చూసింది. దవడలు బిగుసుకున్నాయి, మెడ నరాలు తేలాయి, కళ్లు పైకప్పు మీద ఉన్నాయి. ఆ కళ్లలో బెదురు లేదు. బెదురంతా హిమబిందుదే. వేళ్లు వంగబోయాయి. ఆమె వాటిని విప్పి అలాగే ఉంచింది. ఉంచడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది.

బారు కదిలింది. కుడి పక్క కాస్త, ఎడమ పక్క కాస్త. మోచేతులు దగ్గరపడ్డాయి, నిటారయ్యాయి. "రాక్" అని, ఇక తిరిగి పెట్టెయ్యమని కేక వినపడ్డాక హిమబిందు బారు పట్టుకుని స్టాండు మీదికి చేర్చింది.

స్టేడియం హోరెత్తిపోయింది. ముగ్గురు న్యాయనిర్ణేతల దీపాలు వెలిగాయి. మూడూ తెల్లవే, అంటే ప్రయత్నం చెల్లినట్టే. కుర్రాళ్లు ఈలలు వేస్తున్నారు, ఎవరో డప్పు కూడా మొదలుపెట్టారు.

సువార్త మాత్రం లేవలేదు. బల్ల మీద అలాగే పడుకుని, రొప్పుతూ, తన మీదికి వంగి ఉన్న హిమబిందు ముఖంలోకి చూస్తోంది. అన్ని రోజుల తరవాత నోరు విప్పింది.

"ముట్టుకున్నావా అక్కా?"

"లేదు" అంది హిమబిందు.

అప్పుడు సువార్త తల తిప్పి దీపాల వైపు చూసింది.