పదండి, పైడమ్మ ఒక్కతే ఉంది

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజులవి. అడవి అంచున ఒక ఊరు. ఆ ఊరికి చిరుతపులి భయం.

ఆ భయానికి ఊరివాళ్లు ఒక మందు కనిపెట్టారు. పులి అరుపు వినబడినప్పుడల్లా పనికిరాని కుక్కని ఒకదాన్ని పట్టి, పొలిమేరలో పాతిన గుంజకి కట్టేవాళ్లు. పొద్దు గూకేది. తలుపులు పడేవి. కుక్క ఏడుస్తుంటే చెవులు మూసుకునేవాళ్లు. తెల్లారి "మన పిల్లలు బతికారులే" అనుకుని గంజి తాగేవాళ్లు. ఎలా దిగేదో గొంతు!

ఆ ఊళ్లో పైడమ్మ చీపుళ్లు కట్టుకుని బతికేది. మొగుడు ఎర్రయ్య, కూతురు బంగారి. ఒకనాడు గడ్డిమోపుతో కొండ దిగుతుంటే గుంజకి కుంటికుక్క కనబడింది. విప్పి ఇంటికి తెచ్చింది. ఇంకోనాడు గుడ్డికుక్క. విప్పి ఇంటికి తెచ్చింది. మరోనాడు ఒళ్లంతా గజ్జి పట్టిన ముసలికుక్క. దాన్నీ విప్పి ఇంటికి తెచ్చింది.

"మనకే గంజి చాలదు, వీటికేం పోస్తావే?" అన్నాడు ఎర్రయ్య.

"నీ మీసాలకి అంటుకునేది పోస్తాలే" అంది పైడమ్మ.

బంగారి నవ్వింది. కుక్కలు ముగ్గురి కాళ్ల దగ్గరా పడుకున్నాయి.

గుంజ దగ్గర ఏమీ దొరకని పులి ఊళ్లోకి వచ్చింది. మేకని ఎత్తుకుపోయింది. ఊరంతా పైడమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"ఆ మూడింటినీ ఇటివ్వు" అన్నాడు ఊరిపెద్ద గంగులు.

"ఇవ్వను బాబూ. మేత పెట్టి పులికి దారి నేర్పింది మీరు. మూడు సాయంత్రాలు ఏమీ కట్టకండి. ఇక్కడేం దొరకదని తెలిస్తే అదే అడవికి పోతుంది. ఊరి మీదికి రాకుండా పొలిమేరలో మంటేసుకుని నేను కాపలా కూచుంటా."

"నీ మాట తప్పి ఒక్క ప్రాణం పోయిందా, గుంజకి నీ కూతుర్ని కడతాం. అందాకా తండ్రీ కూతుళ్లు మా కొట్టంలోనే ఉంటారు."

ఎర్రయ్యనీ బంగారినీ కొట్టంలో తోసి గడియ పెట్టారు.

మొదటి సాయంత్రం. తలుపులు పడ్డాయి. గుడ్డికుక్క ముక్కెత్తి మూలిగింది. పొదలో రెండు కళ్లు మెరిశాయి. పైడమ్మ మంట ఎగదోసింది. కళ్లు వెనక్కి పోయాయి.

రెండో సాయంత్రం. తలుపులు పడ్డాయి. పులి ఊపిరి వినబడేంత దగ్గరికొచ్చింది. కుక్కలు మూడూ గొంతు చించుకున్నాయి. పైడమ్మ కొరివి విసిరింది. పులి వెనక్కి పోయింది.

మూడో సాయంత్రం. తలుపులు పడ్డాయి. వాన పడింది. మంట ఆరిపోయింది.

"నిప్పు తెండి బాబూ!" అని కేకేసింది పైడమ్మ. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

"నిప్పు తెండి!" ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

"అయ్యా, నిప్పు!" అంది పైడమ్మ. కొట్టంలో ఎర్రయ్య తలుపుని భుజంతో గుద్దుతున్నాడు. "గడియ తియ్యండ్రా, నేను పోతా!" అని అరుస్తున్నాడు. గంగులు తన మంచం కింద నక్కాడు.

పైడమ్మ పారిపోవచ్చు. పారిపోతే పులి ఊళ్లో పడుతుంది. పులి ఊళ్లో పడితే బంగారిని కడతారు. అందుకే ఆరిన కొరివి పట్టుకుని నిలబడింది.

తెల్లారి వెళ్లి చూశారు. పైడమ్మ బురదలో పడి ఉంది. గొంతు మీద పంజా గాటు. కుక్కలు మూడూ నెత్తుటి గాయాలతో ఆమె చుట్టూ నిలబడి, దగ్గరికొచ్చిన గంగులు మీద గుర్రుమన్నాయి. పులి అడుగులు అడవి వైపే పోయాయి. మళ్లీ ఆ దారిన రాలేదు.

గంగులు కొట్టం గడియ తీశాడు. ఎర్రయ్య అతన్ని తోసుకుని బయటికొచ్చాడు. గుంజని ఊడబెరికి పెళ్లాం చితిలో వేశాడు. కుక్కల్నీ కూతుర్నీ తీసుకుని ఇంటికి పోయాడు.

ఎన్ని తరాలో గడిచాయి. ఈనాటికీ ఆ ఊళ్లో పొద్దు గూకాక పొలిమేరలో కుక్క ఏడిస్తే చాలు, తింటున్నవాళ్లు కంచం వదిలి లేస్తారు. ఇంటికొకరు మండే కొరివి పట్టుకుని బయటికొస్తారు. "పదండి పదండి, పైడమ్మ ఒక్కతే ఉంది" అంటారు.