తొమ్మిదేళ్ళ గవరయ్య షష్టిపూర్తి

దేవుడు మా ఊళ్ళో అందరికీ తలా పిడికెడు తెలివి పంచి, మిగిలిన బస్తా మొత్తం కాలవగట్టు వీధిలో గవరయ్య ఇంట్లో కుమ్మరించి వెళ్ళిపోయాడట. ఈ మాట నేను అనడం లేదు, గవరయ్యే అంటాడు. అరుగు మీద పడక్కుర్చీలో కూచుని, దారిన పోయేవాళ్ళని ఆపి మరీ అంటాడు. "చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకునే ఇల్లు ఈ జిల్లాలో మాదొక్కటేనండి!" నిజమే పాపం. చెప్పింది చెప్పినట్టే అర్థం చేసుకుంటారు. వాళ్ళతో వచ్చిన చిక్కంతా అదే.

ఆ ఇంట్లో నలుగురు. గవరయ్యకి యాభై తొమ్మిది. తమ్ముడు తాతబ్బాయికి యాభై ఆరు. భార్య నూకరత్నానికి యాభై రెండు. కొడుకు వీరబాబుకి ముప్ఫై ఒకటి. ఈ అంకెలు కాస్త గుర్తుంచుకోండి, తర్వాత నన్నడిగితే నేను చెప్పను.

నూకరత్నానికి ఒక్కటే కోరిక. మొగుడి పక్కన పెళ్ళికూతురిలా నిలబడి ఒక్క ఫొటో దిగాలి. ముప్ఫై మూడేళ్ళ కిందట వాళ్ళ పెళ్ళిలో గాలివాన వచ్చి పందిరి కాలవలో పడింది. పందిరితో పాటే కెమెరా పోయింది. షష్టిపూర్తికి మళ్ళీ తాళి కడతారు, మళ్ళీ ఫొటో తీస్తారు గదా అని ఆవిడ హాలు గోడకి ముందే మేకు కొట్టించింది. పదేళ్ళ నించీ ఆ మేకు ఖాళీగానే ఉంది. నవ్వుకోడానికి చెబుతున్న కథే గానీ, ఆ మేకుని చూసినప్పుడల్లా నాకూ మనసు చివుక్కుమనేది.

షష్టిపూర్తి ముహూర్తానికి ఇంకా ఇరవై అయిదు రోజులుందనగా కళ్యాణ మండపంలో టై కట్టుకున్న ఒకాయన ఉచిత ఆరోగ్య శిబిరం పెట్టాడు. మధ్యలో నల్లటి పరుపు. పరుపుకో వైరు. వైరు చివర చిన్న పెట్టె. మీట నొక్కితే అది టుక్కు, టుక్కు మంటుంది.

"ఇందులోంచి అయస్కాంత తరంగాలు ఉండుండి వస్తాయండి," అన్నాడు టై ఆయన. "ఒంట్లో ప్రతి కణమూ ఛార్జి అయిపోతుంది. రోగం మీ గడప తొక్కదు. వయసు వెనక్కి నడుస్తుంది. అరగంట పడుకున్నారంటే ఏడాది తగ్గినట్టే!"

మేమంతా ఊరికే పడుకుని, ఊరికే ఇచ్చిన మజ్జిగ తాగి ఇళ్ళకొచ్చేశాం. గవరయ్య మాత్రం పరుపు కొని, చుట్టి నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "ఫొటోలో కుర్రాడిలా పడాలి గదే!" అన్నాడు పెళ్ళాంతో. ఆవిడ సిగ్గుపడింది కూడా.

పొద్దున అరగంట, సాయంత్రం అరగంట మొదలుపెట్టాడు. మొదటి రోజే కరెంటు పోయింది. "అన్నయ్య ఛార్జి అయ్యే ఉన్నాడు గదా, మనకి కరెంటెందుకు?" అని తాతబ్బాయి ఫోను వైరు తెచ్చి అన్నగారి చెవిలో దోపాడు. ఎక్కలేదు. "ఈ చెవి పాడయినట్టుంది" అని రెండో చెవిలో దోపాడు. వీరబాబు బల్బు ఊడదీసి తండ్రి నోట్లో పెట్టాడు. వెలగలేదు. "కొత్త పరుపు గదా, నెమ్మదిగా ఎక్కుతుంది" అని సర్దిచెప్పుకున్నారు.

రెండో రోజు గవరయ్యకి జలుబు చేసింది.

"రోగం గడప తొక్కదన్నాడు గదండీ, ఎలా వచ్చినట్టు?" అంది నూకరత్నం.

"కిటికీలోంచి దూకుంటుంది వదినా!"

అంతే. కిటికీలన్నిటికీ చెక్కలు కొట్టేశారు. ఇల్లు ఇడ్లీపాత్రయింది. జలుబు పోదామన్నా దారి లేక గవరయ్య ముక్కులోనే కాపురం పెట్టింది.

మూడో రోజు సాయంత్రానికి గవరయ్య వయసు యాభై మూడు. తాతబ్బాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, తిన్నగా వెళ్ళి అరుగు మీద పడక్కుర్చీలో కూచున్నాడు. "ఒరే తమ్ముడూ, ఇలా వచ్చి కాళ్ళు పట్టు!"

"వస్తున్నానన్నయ్యా!" అని పరుగెత్తాడు గవరయ్య.

నాలుగో రోజు యాభై ఒకటి. ఇప్పుడు పెళ్ళాం పెద్దదయింది. ముప్ఫై మూడేళ్ళు "ఏమే, ఒసే" అన్న నోరు "నూకరత్నం గారూ, తమరు ముందు భోంచెయ్యండి" అంది. ఆవిడ కాసేపు బిత్తరపోయి, తర్వాత సర్దుకుని, "ఒరే గవరయ్యా, వంకాయలు పట్రా, పుచ్చులు లేకుండా చూసి మరీ తేవాలి" అంది. ఆ ఒక్క రోజు మాత్రం పరుపు పనిచేసిందని నేనూ ఒప్పుకుంటాను.

పదిహేనో రోజుకి ఇరవై తొమ్మిది. పడక్కుర్చీ గురించి వీరబాబు బాబాయితో వాదులాడి గెలిచాడు. నాన్నకి తనే ఇప్పుడు నాన్నంత వాడినన్నాడు. అరుగు మీద చుట్ట కాలుస్తున్న గవరయ్య, కొడుకు రావడం చూసి చుట్ట వీపు వెనక దాచేసి నిలబడ్డాడు. చొక్కా కాలింది.

సరిగ్గా అప్పుడే షష్టిపూర్తి ఏర్పాట్లు మాట్లాడటానికి పురోహితుడు సోమయాజులు గారు వచ్చారు. "ఏమ్మా, అరవై నిండుతున్నాయి గదా?"

నూకరత్నం బావురుమంది. "ఎక్కడండీ! ఇవాళ్టికి ఇరవై తొమ్మిది. అరవైకి ఇంకా ముప్ఫై ఒక్కేళ్ళుంది. నా ఫొటో గతేం కాను?"

సోమయాజులు గారు సంగతంతా విని కడుపుబ్బ నవ్వారు. "ఇరవై తొమ్మిదేళ్ళ వాడికి షష్టిపూర్తేమిటమ్మా? శుభ్రంగా పెళ్ళే చేసేయండి!" అని పంచాంగం చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఎగతాళి అని వాళ్ళకేం తెలుసు? చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకున్నారు. శుభలేఖలు వచ్చేశాయి. వరుడు చిరంజీవి గవరయ్య, వధువు చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి నూకరత్నం, ఆహ్వానించువారు వరుడి తండ్రి స్థానంలో వీరబాబు. నూకరత్నం ముఖం చేటంతయింది. పెళ్ళికొడుకన్నాక ఇంకాస్త కుర్రాడిగా ఉండాలి గదా అని గవరయ్య పరుపు మానలేదు.

పెళ్ళిరోజు వచ్చింది. ఇద్దరికీ నుదుట బాసికాలు కట్టారు. ఫొటోగ్రాఫరు ప్రసాదు కెమెరా ఎత్తి పట్టుకున్నాడు. పేరేదైతేనేం, ముహూర్తం అదే గదా అని సోమయాజులు గారు తాళి చేతికిచ్చారు. అప్పటిదాకా వేళ్ళు మడుస్తున్న తాతబ్బాయి, "ఆగండి!" అని కేకేశాడు.

"రోజుకి రెండు చొప్పున ఇరవై అయిదు రోజులకి యాభై. యాభై తొమ్మిదిలో యాభై పోతే తొమ్మిది. మనోడికి తొమ్మిదేళ్ళే! అంగన్‌వాడీ గోడ మీద రాశారు, ఇరవై ఒకటి నిండకుండా పెళ్ళి చేస్తే జైలే!"

"ఓరి మీ తెలివి తగలెయ్యా!" అన్నారు సోమయాజులు గారు. "మీసం నెరిసినవాడు పసివాడేమిటయ్యా?"

"మీసం సంగతి మాకు తెలీదండి. లెక్క లెక్కే."

నూకరత్నం తాళిని రెండు చేతులతో పట్టుకుంది. "ముప్ఫై మూడేళ్ళు ఆగాను తాతబ్బాయీ. ఒక్క ముడి వెయ్యనీ. పోనీ ఒక్క ఫొటో."

"ఇద్దరూ పక్కపక్కనుంటే అదే సాక్ష్యం వదినా. వాణ్ణొక్కణ్ణే తియ్యమను."

ఇంకేముంది! గవరయ్యని ఒక్కణ్ణే నిలబెట్టి ఫొటో తీశారు. నూకరత్నం పట్టుచీరతో పీటల మీంచి దిగి లోపలికెళ్ళిపోయింది. ఆ ముఖం చూశాక మాలో ఎవరమూ నవ్వలేదు. భోజనాలు మాత్రం చేశాం.

మూడో నాడు ప్రసాదు ఫొటోకి ఫ్రేము కట్టి పట్టుకొచ్చాడు. మొగుడైతే ఉన్నాడు గదా అని నూకరత్నం కళ్ళు తుడుచుకుని దాన్ని మేక్కి తగిలించింది. తన మెడలో పడాల్సిన పూలదండ అప్పటికే తడిగుడ్డలో చుట్టి దాచి ఉంచింది. అది వాడిపోవడం ఎందుకని ఆ ఫొటోకి వేసింది.

అప్పుడే యానాం నించి ఆవిడ పిన్ని పాపాయమ్మ దిగింది. పెళ్ళికని బయల్దేరి, బస్సులు తప్పి, మూడు రోజులు ఆలస్యమైంది. గుమ్మంలోంచే దండ వేసిన ఫొటో చూసి, సంచి కింద పడేసి, "అయ్యో గవరయ్యా! వెళ్ళిపోయావా నాయనా!" అని శోకాలు పెట్టింది.

"ఎవరు పిన్నీ పోయింది?"

"ఇంకెవరే! నీ మొగుడే!"

అంతే. తాతబ్బాయి నేల మీద దొర్లాడు. వీరబాబు స్తంభానికి తల కొట్టుకున్నాడు. నూకరత్నం ఏడుపు కాలవ అవతలికి వినిపించింది. పెరట్లో పళ్ళు తోముకుంటున్న గవరయ్య హడలిపోయి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరు పోయారండీ?" అనడిగాడు కొడుకుని.

"నువ్వేరా గవరయ్యా!"

"అయ్యయ్యో! ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

"పెళ్ళయినా కాలేదే వెధవకి!" అని గుండెలు బాదుకుంటూ వెళ్ళి నూకరత్నం భుజం మీద తల వాల్చి, అందరికంటే గట్టిగా ఏడ్చాడు. ఆయన్ని చూసిన పాపాయమ్మ కెవ్వున కేకేసి మూర్ఛపోయింది. ఆవిణ్ణెవరూ పట్టించుకోలేదు. చావింట్లో ఎన్నో ఉంటాయి.

ప్రసాదుకి మాత్రం మనసాగలేదు. ఇద్దరూ ఇంత దగ్గరగా నిలబడటం అతను చూడటం ఇదే మొదటిసారి. గుమ్మంలోంచి టక్కున ఒక ఫొటో తీసేశాడు.

మర్నాడు ఆ ఫొటో చేతికందగానే నూకరత్నం ఏడుపు ఆపేసింది. మొగుడి తల తన భుజం మీద. తన చెయ్యి మొగుడి వీపు మీద. ముప్ఫై మూడేళ్ళ కోరిక! పాత ఫొటో దించేసి, చీర చెంగుతో అద్దం తుడిచి, మేక్కి తగిలించి, వెనక్కి జరిగి చూసుకుంది. "ఎంత బాగున్నామో కదండీ" అంది.

"బాగున్నారు గానీ బోసిగా ఉంది వదినా" అన్నాడు తాతబ్బాయి.

ఇంకేముంది! పూలకొట్టుకి పరుగెత్తి, ఈసారి పెద్ద దండ పట్టుకొచ్చాడు, ఇద్దరికీ సరిపోయేలా.