అలలమ్మ వెలసిన రాతిబావి

పూర్వం ఎర్రమల కొండల దిగువన, నాపరాళ్లు తీసి బతికే వడ్డెవారి గూడెం ఒకటి ఉండేది. వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. గూడెంవాళ్లు తవ్వుతున్న బావిలో చుక్క పడలేదు. ఆ సీమనేలిన పాలెగాడు నరసప్పనాయుడు, వచ్చే పున్నమిలోగా బావిలో నీళ్లు పడకపోతే గూడెం ఎత్తేసి తన కోట పనికి రావాలని కబురంపాడు. కోట పనికి పోయినవాళ్లు తిరిగి రావడం ఎవరూ చూడలేదు. కష్టజీవుల గూడును ఒక్క మాటతో పీకేయడం ఏలికలకు ఎప్పుడూ తేలికే.

మేస్త్రి పెద్దోబన్న కోడలు సుంకులమ్మకు అప్పుడు ఏడో నెల. బిడ్డను ఆ గడపలోనే కనాలని ఆమె పట్టుదల. మగవాళ్లు బావి తవ్వుతుంటే, నేల మీద పరవడానికి పనికిరావని పడేసిన రాళ్ల కుప్ప మీద ఆమె అలసి కూర్చుంది. అరచేతి కింద పలక మడతలు మడతలుగా తగిలింది. నీళ్లు వెనక్కి పోయిన ఇసుకలో మిగిలే అలల చారలు, అచ్చంగా అవే. దాని కింది పొరలో ఎండిన బురదకు పడే నెర్రెలు, ఆ కింద మళ్లీ అలలు. ఒకనాడు ఇక్కడ మోకాటి లోతు సముద్రం ఆడుకుందనీ, ఎండి పోయిందనీ, తిరిగి వచ్చిందనీ ఆమెకు తోచి ఒళ్లు పులకించింది. మరుక్షణమే తమవాళ్లు చేస్తున్న తప్పూ తెలిసివచ్చింది. బావి గట్టుకు నడిచింది.

"మామా, మనం నీళ్ల కోసం తవ్వలేదు. పలకల కోసం తవ్వినాం. అలల రాయి అడ్డమొచ్చినప్పుడల్లా పక్కకు తిరిగి నున్నటి రాతిలోకే దిగినాం."

"మంచి రాయి చూస్తే చెయ్యి ఆగదు గదమ్మా."

"ఆ మంచి రాయి అతుక్కుని ఉంటాది, చుక్కను గూడా పోనీదు. అలల పలకల నడుమ సందులుండాయి. నీళ్లుంటే ఆడనే ఉంటాయి."

"రాళ్లు నీతో మాట్లాడతాండాయా ఏమే?"

"మాట్లాడతాండాయి మామా. నీ మాదిరి కసురుకోకుండా."

గట్టు మీదివాళ్లంతా నవ్వారు. పెద్దోబన్న కూడా నవ్వి, గునపం అందుకుని తానే దిగాడు. పున్నమి నాటి ఉదయం గూడేన్ని మోసుకుపోవడానికి నాయుడి బండ్లు వచ్చి నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడే మూడో అలల పొర కింద గునపం సందులోకి జారింది. చల్లటి నీరు పెద్దోబన్న ముఖాన చిమ్మింది. గూడెమంతా నీళ్లలో తడిసి గంతులేసింది. బండ్లవాళ్లు కడుపునిండా తాగి, ఎడ్లకు తాపి, ఖాళీ బండ్లతో వచ్చిన దారినే పోయారు. సుంకులమ్మకు ఆ గడపలోనే ఆడబిడ్డ పుట్టింది.

ఉలి తాకని అలల పలకనొకదాన్ని బావి పక్కన నిలిపి, అలలమ్మ అని కొలిచారు. గూడెం పెరిగి అలలపాడయింది. నేటికీ ఏటా వైశాఖ పున్నమికి చూలాళ్లు ఆ చారల్లో పసుపు పూసి నీళ్లు పోస్తారు. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఎడ్లబండ్లు డప్పులతో ఖాళీగా వస్తాయి, అలలమ్మ చుట్టూ తిరుగుతాయి, ఖాళీగానే వెళ్లిపోతాయి.