అలుగు గురువుగారి దాహం

అనగనగా ఒక అడవిలో, రౌద్రి నామ సంవత్సరం, వైశాఖ బహుళ ఏకాదశి, శనివారం. ఏ రౌద్రి అని అడగకండి పిల్లలూ, అది అరవై ఏళ్లకోసారి వస్తూనే ఉంటుంది. ఆ రోజు ఆకు కదల్లేదు. పొద్దున్నే పడమట కాస్త మబ్బు పట్టింది కానీ, చినుకైనా రాల్చకుండా విడిపోయింది. రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పటికే బండలు పేలుతున్నాయి.

ఆ అడవిలో పొలుసయ్యగారని ఒక ముసలి అలుగు ఉండేవారు. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులతో, చీమలు తిని బతుకుతుందే, ఆ జంతువు. ఆయన తత్త్వశాస్త్రం చదువుకున్నవారు. దయ గురించి ఆయన చెబుతుంటే పులి కూడా ఆగి వినేదట. చీమలు తింటూ దయ గురించి ఏం చెబుతావని చీమలు మాత్రం ఎన్నడూ అడగలేదు. వాటికి తీరిక ఎక్కడిది?

అలుగులకు ఒక అలవాటుంది. బెదిరితే బంతిలా ముడుచుకుంటాయి. పొలుసయ్యగారు ఆలోచన వచ్చినా ముడుచుకునేవారు. ఒకసారి ఎవరో తట్టి పిలిస్తే నలభై రోజుల ఆలోచన చెదిరిపోయిందట. అందుకని ఒక నియమం పెట్టారు. తాను ముడుచుకున్నప్పుడు ముట్టుకున్న శిష్యుడికి తన ఆస్తిలో వాటా లేదు.

ఆస్తి అంటే చిన్నదేం కాదు. వాగు ఎండిపోయింది. ఆ చుట్టుపక్కల నీరున్నది ఆయన బొరియలోని చెలమ ఒక్కదానిలోనే. అది దక్కినవాడు వేసవి దాటుతాడు.

ఆయనకు ముగ్గురు శిష్యులు, నక్క, కొండముచ్చు, ముంగిస. ముగ్గురిలో ముంగిస చురుకైనది. చెలమ తనకే వస్తుందని అది ఏడాదిగా ఆశపెట్టుకుని ఉంది.

ఆ శనివారం పొద్దున గురువుగారు బయట బండమీద కూర్చుని, "దయకు విలువ ఎందువల్ల వచ్చింది? బాగా చెప్పినవారికి నా బొరియ ఇస్తాను," అన్నారు. అని, ముడుచుకున్నారు.

మొదటి రోజు నక్క మాట్లాడింది. "దయ మన ధర్మం. ఫలం వచ్చినా రాకపోయినా చెయ్యాల్సిందే. అందుకే దానికి విలువ."

మధ్యాహ్నం బంతిలోంచి సన్నగా మూలుగు వినిపించింది.

"విన్నావా ముంగిస బావా? గురువుగారు మెచ్చుకుంటున్నారు!" అంది నక్క.

"నిన్నా? నీ గొంతు వినలేక మూలిగి ఉంటారు," అంది కొండముచ్చు.

ముంగిసకు మాత్రం అది మెప్పులా అనిపించలేదు. లేవబోయి, మళ్లీ కూర్చుంది.

రెండో రోజు కొండముచ్చు వంతు. "రేపు నేను పడితే ఎవరో ఒకరు లేపాలి. అందుకే ఇవాళ పడినవాణ్ని నేను లేపాలి. దయ విలువ అదీ."

అప్పుడే గురువుగారి వీపు మీదుగా చీమలు బారుగా పోవడం ముంగిస చూసింది. ఎంత ఆలోచనలో ఉన్నా చీమ పాకితే బయటికొచ్చే ఆయన నాలుక ఈసారి రాలేదు. ముంగిస ఆలోచనలో పడింది. 'తాకి చూద్దామా? నిజంగా ఆలోచనలోనే ఉంటేనో? చెలమ పోతుంది. అయినా తాకొద్దని చెప్పింది ఆయనే కదా. ఆయన మాట కాదనడం దయ ఎలా అవుతుంది?' ఇలా ఎంతో చక్కగా తర్కించుకుని, ఉన్నచోటనే ఉండిపోయింది. బాగా చదువుకున్నవాళ్లకే ఇలాంటి తర్కం దొరుకుతుంది పిల్లలూ.

మూడో రోజు పొద్దున ఒక పొలుసు ఊడి బండమీద పడింది. ముంగిస దాన్ని చూసి, కళ్లు తిప్పుకుని, తన జవాబు మొదలుపెట్టింది. "ఎదుటివాడి బాధ మన బాధే. వాడూ మనమూ వేరు కాదు. ఈ సంగతి తెలియడమే దయ."

చాలా బాగా చెప్పింది. నక్క కూడా తల ఊపింది.

ఇంతలో పక్క బొరియలో ఉండే పందికొక్కు, బొరియమ్మ, నీళ్లు అడుక్కుందామని వచ్చింది. ఎవరు అడిగినా గురువుగారు కాదనేవారు కాదు.

"అయ్యవారు ఎన్నాళ్లయింది ఇలా ముడుచుకుని?"

"మూడు రోజులు. ముట్టుకోకు అత్తా, వాటా పోతుంది!" అంది ముంగిస.

"నాకు వాటా ఎప్పుడుందిరా పోవడానికి?" అంటూ బొరియమ్మ చెయ్యి వేసింది. "అయ్యో, ఒళ్లు పెనంలా ఉందిరా! మూడు రోజులూ ఏం చేస్తున్నారు మీరు?"

ముగ్గురూ తమ తమ జవాబులు చెప్పారు. బొరియమ్మ ఓపిగ్గా విన్నది.

"నాకు చదువు రాదు. ఒక్కటి చెప్పండి. ఈ మూడింట్లో నీళ్లు పొయ్యొద్దని ఏది చెబుతోంది?"



బొరియమ్మ పరుగున వెళ్లి మోదుగాకులో నీళ్లు తెచ్చి బంతిమీద చల్లింది. మెల్లగా బంతి విడింది. గురువుగారు రెండు గుక్కలు తాగారు. మూడోది లోపలికి పోలేదు.

"శనివారమే దాహం వేసింది," అన్నారు. "నడుం పట్టేసి విప్పుకోలేకపోయాను. మీరు చెప్పినవన్నీ విన్నానురా. ఒక్కదాంట్లోనూ తప్పు లేదు. ముట్టుకోవద్దని నియమం పెట్టిన తప్పు నాది."

కాసేపు ఆయాసపడి, "బొరియా, చెలమా బొరియమ్మకి," అన్నారు. తర్వాత ముంగిసవైపు చూశారు.

"నా అవస్థ నీకు తెలిసింది కదరా?"

"నిన్ననే తెలిసింది గురువుగారూ."

"నీకివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు నాయనా. నాకు తెలిసిందంతా నీకు ముందే ఇచ్చేశాను."

ఆ మాటతోనే ఆయన పోయారు. ఈసారి ముడుచుకోలేదు.

చెలమ బొరియమ్మకు దక్కింది. ఆయన కూర్చునే బండ నక్క తీసుకుంది. ఆ పక్కనున్న రేల చెట్టు కొండముచ్చు ఎక్కింది. ముంగిసకు ఏమీ దక్కలేదు. దాహమైతే వచ్చి తాగమని బొరియమ్మ దాన్ని మూడుసార్లు పిలిచింది. అది తల వంచుకుని, ఎండిపోయిన వాగు వెంబడే నడిచి వెళ్లిపోయింది.

నీతి: దయ ఎందుకు గొప్పదో ఎంత బాగా చెప్పినా ఒకరి దాహం తీరదు. బాధ కంటబడ్డప్పుడు ముందు చెయ్యి సాచాలి, కారణాలు తర్వాత చెప్పుకోవచ్చు.